మతాబుల రంగులు – ఒక పాత ఫైలు చెప్పిన చరిత్ర



దీపావళి ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను కథలూ కవిత్వమూ వ్రాసేవాడిని కానని తప్పుకోబోయాను. ముప్ఫై ఆరేళ్లపాటు నోట్ ఫైలు, కరెంటు ఫైలు తప్ప మరొకటి వ్రాసిన చేయి కాదు ఇది. కాని పోయిన నెలలో మా ఇంట్లో జరిగిన చిన్న సంగతి వల్ల మనసు మార్చుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు ఫోను చేతపట్టుకొని వచ్చి, "తాతా, ఆకుపచ్చ చిచ్చుబుడ్డి ఇంట్లోనే చేసుకోవచ్చట. సామాను తెప్పిద్దామా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. "మీ పెద్దతాతను అడుగు" అన్నాను. పెద్దతాత అంటే మా అన్న. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

ఆ రెండు వేళ్ల వెనుక మతాబుల రంగుల చరిత్ర అంతా ఉన్నది. అదే ఈ వ్యాసం.

బంగారు రంగు తప్ప మరొకటి లేని కాలం

సురేకారం, గంధకం, బొగ్గు కలిస్తే మందు అవుతుందని మొదట కనుగొన్నది చైనా వారు. మన దక్కనుకు మందుగుండు వేడుకలు వచ్చింది కాకతీయుల తరువాతి కాలంలోనే. కనుక వేయిస్తంభాల గుడి ముందు గణపతిదేవుడు తారాజువ్వలు కాల్పించినట్లు సినిమాల్లో చూపిస్తే నమ్మనక్కరలేదు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి మహానవమి ఉత్సవాలలో బాణసంచా వేడుకను చూసి వ్రాసుకున్నాడు.

ఆ తరువాత గజపతి ప్రతాపరుద్రదేవుడు వస్తాడు. ఈయన మన కాకతి ప్రతాపరుద్రుడు కాదు. 1497 నుంచి కటకం ఏలిన ఒడ్డె రాజు. ఈయన పూర్వీకుల సైన్యం 1460లో మన ఓరుగల్లును కూడా పట్టుకున్నది. ఈ ప్రతాపరుద్రుని పేర 'కౌతుకచింతామణి' అనే సంస్కృత గ్రంథం ఉన్నది. అందులో బాణసంచా తయారీ పద్ధతులు ఉన్నాయని పూనాలోని భండార్కర్ పరిశోధన సంస్థకు చెందిన పండితుడు పి.కె. గోడే గారు వెలుగులోకి తెచ్చారు. కల్పవృక్షబాణం, చామరబాణం, చంద్రజ్యోతి, పుష్పవర్తి అని వాటి పేర్లు. పుష్పవర్తి అంటే మన పువ్వొత్తే. ఛుఛుందరీ బాణం అని మరొకటి. ఛుఛుందరి అంటే చుంచెలుక. హిందీ వారు నేటికీ నేల మీద పరుగెత్తే టపాకాయను 'ఛఛూందర్' అంటారు. మన సిసింద్రీ కూడా ఆ ఎలుక సంతానమేనని నా అభిప్రాయం.

'మతాబు' మాట పారశీకం నుంచి వచ్చింది. 'మహతాబ్' అంటే వెన్నెల, చంద్రుడు. ఆ పేరులోనే ఒక చరిత్ర ఉన్నది. పాతకాలపు మతాబు వెన్నెల వలె తెల్లగా వెలగాలి, అంతే. ఎరుపు, పచ్చ, నీలం ఎవరూ అడగలేదు, చేయగలిగిన వారూ లేరు. చిచ్చుబుడ్డిలో ఇనుప రజను వేస్తే బంగారు పూలు రాలతాయి. కమ్మరి కొలిమిలో ఇనుము కాగితే ఎర్రబడి, తరువాత పసుపుబడి, చివరకు తెల్లబడడం మనం చూసినదే. చిచ్చుబుడ్డి రవ్వ కూడా అదే. అది వేడి వల్ల వచ్చే వెలుగు గాని, రంగు అనదగినది కాదు. ఎన్నో వందల ఏళ్లు మన పూర్వీకులు ఆ ఒక్క బంగారు వెలుగుతోనే పండుగలు, పెండ్లి ఊరేగింపులు చేసుకున్నారు.

పొయ్యిలో ఉప్పు, ఆకాశంలో హీలియం

అసలైన రంగు మంటలో నుంచి వస్తుంది. పొయ్యి మీద పప్పు పొంగి ఉప్పునీళ్లు మంట మీద పడితే ఒక్కసారి పసుపు జ్వాల లేస్తుంది. అది ఉప్పులోని సోడియం. అట్లాగే ఒక్కొక్క లోహానికి ఒక్కొక్క రంగు. స్ట్రాన్షియం ఎరుపు, బేరియం ఆకుపచ్చ, రాగి నీలం. స్ట్రాన్షియం అన్న పేరు స్కాట్లండులోని స్ట్రాన్షియన్ అనే గ్రామం నుంచి వచ్చింది.

మంట రంగును చూసి అందులోని మూలకాన్ని గుర్తుపట్టే విద్యను 1860 ప్రాంతంలో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్థిరపరచారు. దానికి మన గుంటూరుతో సంబంధం ఉన్నది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. సూర్యుని వెలుగులో ఆ ఏడాది గుర్తించిన ఒక పసుపు గీత సోడియం గీత కాదని, అది హీలియం అనే కొత్త మూలకానిదని తరువాత తేలింది. మతాబులో పచ్చరంగు, సూర్యునిలో హీలియం – ఒకే విద్యకు రెండు ఉపయోగాలు.

ఆకుపచ్చనిచ్చే బేరియం మనకు కొత్తది కాదు. వాకిట్లో ముగ్గు వేసే ముగ్గురాయి బేరియం ఖనిజమే. పాత కడప జిల్లా మంగంపేటలోని నిల్వ ప్రపంచంలోని పెద్ద నిల్వలలో ఒకటి. మన ఖమ్మం జిల్లాలో కూడా ఈ రాయి ఉన్నది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడేందుకు మంగంపేట రాయి విదేశాలకు పోతుంది. ముగ్గురాయి నీళ్లలో కరగదు, అందువల్ల అపాయం లేదు. కడుపు ఎక్స్‌రేకు ముందు మనలో కొందరికి తాగించిన తెల్లని 'బేరియం మీల్' కూడా అదే పదార్థం. కాని మతాబులో వాడే బేరియం లవణాలు నీళ్లలో కరుగుతాయి. అవి కడుపులోకి పోతే విషం. ఒకే లోహం ఒక రూపంలో ముగ్గు, ఒక రూపంలో మందు, మరొక రూపంలో విషం. చూడటానికి మూడూ తెల్లని పొడులే.

రంగుతో పాటు వచ్చిన కొత్త ఉప్పు

లోహం ఒక్కటే ఉంటే రంగు రాదు. దాన్ని చక్కగా మండించే పదార్థం కావాలి. సురేకారంతో కలిపితే రంగు వెలవెలబోతుంది. ఆ లోటును తీర్చినది పొటాషియం క్లోరేట్. మన బజారు భాషలో 'పొటాషు'.

దీన్ని 1786 ప్రాంతంలో ఫ్రాన్సులో బెర్తొలె అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు. తుపాకి మందులో సురేకారానికి బదులు దీన్ని వాడితే బలం పెరుగుతుందని ఆశపడి, 1788లో ఎస్సోన్ అనే ఊరిలోని మందు కార్ఖానాలో పరీక్ష పెట్టారు. గంధకం, బొగ్గులతో కలిపి దంచుతుండగా అది పేలి ఇద్దరు మరణించారు. ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు లవోయిజే, ఆయన భార్య అక్కడే ఉండి కూడా బ్రతికి బయటపడ్డారు. అంటే ఈ ఉప్పు పుట్టిన రెండేళ్లలోనే తన స్వభావమేమిటో చెప్పేసింది.

అయినా 1830ల నుంచి ఐరోపాలో మతాబులవారు దాన్ని విడిచిపెట్టలేదు. దానివల్లనే ఎర్రని ఎరుపు, పచ్చని పచ్చ సాధ్యమైనాయి. ప్రమాదాలు జరిగిన తరువాత, క్లోరేటునూ గంధకాన్నీ కలిపి బాణసంచా చేయరాదని బ్రిటనులో 1894లో నిషేధించారు. మన దేశంలో ఎక్స్‌ప్లోజివ్స్ యాక్టు అంతకు పదేళ్ల ముందే, 1884లోనే వచ్చింది. కాని ఈ ఒక్క నిషేధం మనదాకా రావడానికి ఇంకా తొంభై ఎనిమిదేళ్లు పట్టింది. ఆ సంగతి చెప్పే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

1963, మా ఇంటి వెనుక పెరడు

మన దగ్గర పెద్ద పండుగలు బతుకమ్మ, దసరా. దీపావళి అంటే ముఖ్యంగా నోములు, హారతులు. ఇంట్లో మందు నూరే అలవాటు మా వాడలో ఎవరికీ లేదు. అది మా ఇంటికి అమ్మతో వచ్చింది. అమ్మ పుట్టిల్లు మధిర దగ్గర. ఆ వైపు దీపావళికి పదిహేను రోజుల ముందే ఇంట్లో పని మొదలవుతుంది. మా మేనమామ ఏటా హనుమకొండ వచ్చి మాకు చిచ్చుబుడ్లు, సిసింద్రీలు చేసి ఇచ్చేవాడు. జిల్లేడు కర్ర కాల్చి బొగ్గు చేయడం, కుమ్మరి దగ్గర బుడ్లు తేవడం, పాత కాగితాలతో గొట్టాలు చుట్టడం మా పని.

మామయ్యకు నియమాలు ఉండేవి. దీపం పెట్టిన తరువాత మందు ముట్టరాదు. చుట్టూ నీళ్ల గాబు, తడి గోనెసంచి ఉండాలి. చిన్నపిల్లలు వసారా దాటి రాకూడదు. కాని సురేకారం, గంధకం రెండూ ఒకే కల్వంలో ఒకదాని తరువాత ఒకటి నూరేవాడు, మధ్యలో గుడ్డతో ఒకసారి తుడిచి. ఎన్నేళ్లు చేసినా ఏ అపాయమూ జరగలేదు. సురేకారం అంత తొందరపడే పదార్థం కాదు.

1963లో మామయ్య రాలేకపోయాడు. అప్పుడు మా అన్నకు పదహారేళ్లు, నాకు పన్నెండు. ఆ ఏడాది వేసవిలో చౌరస్తాలో ఒక పెద్ద షావుకారు ఇంటి బరాతులో అన్న మొదటిసారి ఆకుపచ్చ మతాబు చూశాడు. గుర్రం, బ్యాండు, పెండ్లికొడుకు ముఖం అన్నీ పచ్చగా కనిపించాయని నెలల తరబడి చెప్పాడు. ఎక్కడి నుంచో ఒక చిన్న పుస్తకం సంపాదించాడు. పొటాషు దొరకడం అప్పట్లో కష్టం కాదు. గొంతు నొప్పికి నీళ్లలో వేసి పుక్కిలించే ఉప్పుగా దాన్ని మందుల దుకాణాలలో అమ్మేవారు.

పండుగకు నాలుగు రోజుల ముందు, మిట్ట మధ్యాహ్నం, పెరట్లో అన్న గంధకం నూరాడు. మామయ్య చేసినట్లే కల్వాన్ని గుడ్డతో తుడిచాడు. తరువాత పొటాషు వేసి నూరడం మొదలుపెట్టాడు. నేను వసారాలో ఉన్నాను. చప్పుడు నాకు గుర్తు లేదు. గోడ మీది కాకులన్నీ ఒక్కసారి లేచిపోవడం గుర్తున్నది. అన్న చూపుడు వేలు, మధ్య వేలు పోయినాయి. కుడికంటి చూపు సగం పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక నాయిన అడిగిన మొదటి మాట, "బీడీ ముట్టించినవా?" అని. అన్న ఏడుస్తూ, "నిప్పు లేదు నాయినా, ఒట్టు. నూరుతుంటెనే అంటుకున్నది" అన్నాడు. నాయిన నమ్మలేదు. నిప్పు లేకుండా మందు అంటుకోవడం ఎవరూ వినలేదు. మామయ్య కూడా నమ్మలేదు. ఇన్నేళ్లు తాను అదే కల్వంలో నూరాడు గదా! పదహారేళ్ల పిల్లవాడు చాటుగా బీడీ కాలుస్తున్నాడని, అడిగితే అబద్ధమాడుతున్నాడని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాము. నేను కూడా అట్లాగే అనుకున్నాను.

అన్నకు టైపు పరీక్ష పాసయ్యే వీలు లేకపోయింది. ఆ రోజుల్లో గుమాస్తా ఉద్యోగానికి అదే ఆధారం. ఆయన పుస్తకాల దుకాణం పెట్టుకున్నాడు. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. నాయిన 1979లో కాలం చేశారు. చివరి దాకా అన్నతో ముక్తసరిగానే మాట్లాడారు. చేయి పోయినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు.

అత్తాకోడళ్ల పొత్తు

1980లలో నేను చూసిన సెక్షనుకు పేలుడు పదార్థాల లైసెన్సుల ఫైళ్లు వచ్చేవి. దీపావళి తాత్కాలిక దుకాణాలవి ఎక్కువ, చిన్న తయారీదారులవి కొద్ది. ఆ కొద్దిమందిలో వరంగల్ వైపు నుంచి ఒక వృద్ధుడు ఏటా రెన్యూవల్ కోసం వచ్చేవాడు. తాతల కాలం నుంచి ఆతిష్‌బాజీ పనివారు. పెండ్లిళ్లకు, ఉర్సులకు, జాతరలకు మతాబులు చేసి ఇచ్చేవారు. ఉర్దూ తప్ప వ్రాయడం రాదు. దరఖాస్తు నేనే నింపేవాడిని.

సామాను వివరాలు వ్రాసే చోట నేను పొటాషు, గంధకం పక్కపక్కన వ్రాయబోతే ఆయన నా చేయి పట్టుకున్నాడు. "ఆ రెండూ ఒక్క దగ్గర రాయకు సాబ్. అవి మా ఇంట్ల ఒక్క అర్రల గూడ ఉండయి. అత్తాకోడండ్ల లెక్క" అన్నాడు. ఎందుకని అడిగితే, "మా బాబా చెప్పిండు. రెంటినీ ఒక్క కల్వంల నూరితే నిప్పు అవసరం లేదు, అదే నిప్పయితది" అన్నాడు.

నాకు కలం కదలలేదు. అన్న చెప్పిన మాటే అది. అయినా ఒక వృద్ధుడు తండ్రి చెప్పాడన్న మాటను పట్టుకొని ఇంట్లో ఏం మాట్లాడగలననుకున్నాను. ఊరుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అది నా పిరికితనం.

1992లో ఒక నోటిఫికేషను నా బల్ల మీదికి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1992 జనవరి 27 తేదీతో జారీ చేసినది. గంధకాన్ని ఏ క్లోరేటుతోనైనా కలిపి చేసిన పేలుడు పదార్థాన్ని తయారు చేయరాదు, దగ్గర ఉంచుకోరాదు, దిగుమతి చేసుకోరాదు. శాస్త్రీయ అవసరాలకు కొద్ది పరిమాణం, అగ్గిపుల్లల తలలు, పిల్లల తుపాకి బిళ్లలు మాత్రమే మినహాయింపు. రెండు మూడు వాక్యాలు. కారణం వ్రాయలేదు. ప్రభుత్వ ఉత్తర్వులలో కారణాలు వెతకడం వృథా అని మీకు తెలిసిందే.

ఆ సాయంత్రం మా వీధిలోని కెమిస్ట్రీ లెక్చరరు గారి దగ్గరకు పోయాను. ఆయన ఎస్సోన్ కథ చెప్పారు, కారణమూ చెప్పారు. సురేకారంలోని ప్రాణవాయువు బయటికి రావాలంటే బాగా వేడి కావాలి. క్లోరేటుకు అంత అవసరం లేదు. గంధకం తోడైతే నూరిన రాపిడి చాలు. పైగా గంధకపు పొడిలో కొద్దిగా ఆమ్లం ఉంటుంది, తేమ తగిలితే పెరుగుతుంది. ఆ ఆమ్లం క్లోరేటును లోపల నుంచి కదిలిస్తుంది. నూరకుండా ఊరికే ఉంచినా ఒక్కొక్కసారి తనంతట అంటుకుంటుంది. "గుడ్డతో తుడిచిన కల్వంలో మిగిలిన గంధకం చాలునా?" అని అడిగాను. "నిక్షేపంగా చాలును" అన్నారు.

నేను నోటిఫికేషను నకలు తీసుకొని అన్న దుకాణానికి పోయాను. ఇంగ్లీషులోనిది తెలుగు చేసి చదివి వినిపించాను. లెక్చరరు గారు చెప్పినది చెప్పాను. అన్న కాగితం తీసుకొని రెండు మడతలు పెట్టి గల్లాపెట్టెలో వేసుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నాయిన ఉంటే బాగుండు" అన్నాడు. అప్పటికి ప్రమాదం జరిగి ఇరవై తొమ్మిదేళ్లు.

తరువాతి ఉత్తర్వులు

తరువాతి చరిత్ర మీలో చాలామందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1999లో టపాకాయల శబ్దానికి పరిమితి పెట్టారు. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు మించరాదు. 2005లో సుప్రీంకోర్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేసేవి కాల్చరాదన్నది. 1983 నాటి నిబంధనల స్థానంలో 2008లో కొత్త ఎక్స్‌ప్లోజివ్స్ రూల్సు వచ్చాయి. వాటి ప్రకారం తాత్కాలిక దుకాణాలు ఒకదానికొకటి మూడు మీటర్లు ఎడంగా, ఎదురెదురుగా కాకుండా ఉండాలి. ఒక చోట యాభైకి మించరాదు. 2014లో దొంగచాటుగా దిగుమతి అవుతున్న విదేశీ టపాకాయలలో క్లోరేటు ఉంటున్నదని కేంద్రం ప్రజలను హెచ్చరించింది. అంటే 1992లో వాకిలి నుంచి పంపిన ఉప్పు కిటికీలో నుంచి వచ్చిందన్నమాట.

2017 జూలైలో సుప్రీంకోర్టు సీసం, పాదరసం, ఆర్సెనిక్, యాంటిమొనీ, లిథియం వాడరాదన్నది. 2018 అక్టోబరు 23 తీర్పులో బేరియం లవణాలను కూడా నిషేధించింది. 2021లో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. మా అన్న కలగన్న ఆకుపచ్చకు బేరియమే మూలం. నాగపూరులోని నీరి సంస్థ వారు రూపొందించిన 'గ్రీన్ క్రాకర్స్' 2019లో బజారుకు వచ్చాయి. వాటి పేరులోని పచ్చదనం పొగ తగ్గినందుకు, మంట రంగును బట్టి కాదు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంట్లో మందు నూరడం మానేశాము, శివకాశి పెట్టెలు కొంటున్నాము, ఇక ప్రమాదం తీరినట్లేనా? శివకాశికి ఈ విద్య 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని రావడంతో మొదలైంది. మన చిన్నప్పటి రంగు అగ్గిపుల్లలు అక్కడివే. ఆనాటి నుంచి మన పండుగ మందు మరొకరి చేతుల్లో నూరబడుతున్నది. మన తెలుగునాట కూడా 2014 అక్టోబరులో తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో పదిహేను మందికి పైగా చనిపోయారు. 2018 జూలై 4న మన వరంగల్ కోటిలింగాల దగ్గర బాణసంచా గోదాములో పది మంది దాకా కాలిపోయారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది పోయారు. కోటిలింగాల పొగను మనలో కొందరం కళ్లారా చూశాము. వారందరూ కూలికి వచ్చినవారు. ఆ పొడుల గుణం వారికి ఎవరైనా విప్పి చెప్పారా అన్నదే నాకు మిగిలిన సందేహం.

నా అనుభవంలో తేలినది ఒక్కటే. మామయ్య నియమాలు తప్పు కావు. అవి పాత మందుకు సరిపోయే నియమాలు. రంగు కోసం కొత్త ఉప్పు వచ్చింది గాని, దానికి తగిన జాగ్రత్త దానితో పాటు రాలేదు. పనివాని ఇంట్లో అది తండ్రి నుంచి కొడుక్కు నోటిమాటగా వచ్చింది. ప్రభుత్వం దాన్ని గెజిట్‌లో అచ్చు వేసింది. మధ్యలో మా ఇంటి వంటి ఇండ్లకు అది చేరనే లేదు. చేరనందువల్ల వేళ్లు పోవడమే గాక, నిజం చెప్పిన పిల్లవాడు అబద్ధాలకోరు అయినాడు.

మనవి

మన సభ్యులందరి ఇండ్లలోనూ మనవలున్నారు, వారి చేతుల్లో ఫోనులున్నాయి. వారు అడిగినప్పుడు "వద్దు" అని ఊరుకోకుండా ఎందుకు వద్దో చెప్పండి. లైసెన్సు లేకుండా తయారు చేయడం నేరమన్నది ఒక కారణం. పొడులు చూడటానికి ఒకటే అయినా గుణాలు వేరన్నది అంతకన్నా పెద్ద కారణం. కాల్చేటప్పుడు నూలు బట్టలు, పక్కన బకెట్టు నీళ్లు ఉంచండి. పేలని దాని మీదికి వంగి చూడనివ్వకండి, మళ్లీ ముట్టించనివ్వకండి. చేయి కాలితే పేస్టు, సిరా పూయకుండా చల్లని కుళాయి నీళ్ల కింద పావుగంటకు తక్కువ కాకుండా పెట్టండి. కంట్లో పడితే నలపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ముఖ్యంగా, దెబ్బ తగిలిన పిల్లవాడు ఏది చెప్పినా ముందు వినండి.

మా మనవడు ఆ సాయంత్రం పెద్దతాత దగ్గరకు పోయి గంటసేపు కూర్చొని వచ్చాడు. ఏం చెప్పాడురా అంటే, "ఏమీ చెప్పలేదు తాతా. గల్లాపెట్టెలోంచి ఒక పాత కాగితం తీసి చదవమన్నాడు" అన్నాడు. ఈసారి పండుగకు మా ఇంట్లో కాకరపువ్వొత్తులు, నాలుగు చిచ్చుబుడ్లు. బంగారు రంగువి.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ దీపావళి శుభాకాంక్షలు.

– విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా, హనుమకొండ